సినిమాలో రాని వాక్యం

సినిమా అయిపోయి తెర తెల్లబడగానే ప్రొఫెసరమ్మ కుర్చీ చేతిమీద అరచేత్తో ఒక్కటి వేసింది.

"ఏదీ? ఆ మాట ఏదీ?"

గదిలో మేం ముగ్గురమే. పాత నవలల ఆధారంగా తీసిన సినిమాల్లో ఏది ఉత్తమమో తేల్చమని సినిమా సంఘం వాళ్ళు మమ్మల్ని వారం రోజులుగా ఆ మూడో అంతస్తు ప్రివ్యూ గదిలో కూర్చోబెట్టారు. ఏసీ వేస్తే వణుకు, ఆపితే ఉక్క. మధ్యరకం ఆ యంత్రానికి చేతకాదు. ప్రొఫెసరమ్మ విశ్వవిద్యాలయంలో సాహిత్యం చెబుతుంది. మా అధ్యక్షుడు సినిమా ఎడిటరు. ముప్పై ఏళ్ళు ఇతరుల సినిమాలు కత్తిరించి కత్తిరించి, ఇప్పుడు మనిషి మాట్లాడుతున్నా ఎక్కడ కత్తిరిద్దామా అన్నట్టు చూస్తాడు. మూడోవాణ్ణి నేను. ఒక ప్రచురణ సంస్థలో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరయ్యాను. పాఠకుల తరఫున ఒకడుండాలని పిలిచారట. చదవడం తప్ప ఇంకేదీ చేతకానివాడు ఎవడని వెతికితే నేను దొరికి ఉంటాను.

"ఏ మాటండీ?" అన్నాడు ఎడిటర్ గారు గడియారం చూసుకుంటూ.

"ఏ మాటా? బడిపిల్లల్ని అడగండి, అప్పజెబుతారు!" ప్రొఫెసరమ్మ లేచి నిలబడింది. "'నేను వదిలి వెళుతున్నది నాలుగు గోడల్నే, ఈ ఇంట్లో మనుషులు ఎప్పుడూ లేరు.' నవలకి ప్రాణం అది. ఆ ఒక్క వాక్యం కోసం పెద్దాయన రెండువందల పేజీలు రాశాడు. ఈ డైరెక్టరమ్మాయి సినిమా అంతా తీసి ప్రాణం మాత్రం తీసేసింది!"

నేను బిస్కెట్టు నోట్లో పెట్టుకున్నాను. మెత్తబడిపోయింది. అయినా నమిలాను, ఎందుకంటే నోరు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి అనేస్తానని భయం.

నవల చదవనివాళ్ళు కూడా ఆ కథ ఎరుగుదురు. పెద్ద కుటుంబంలోకి వచ్చిన కోడలు. ఎప్పుడూ నాలుగు ముక్కలకి మించి మాట్లాడదు. అందరికీ అన్నీ అమర్చి, ఎవరికీ కనపడకుండా బతికి, చివరికి ఒక తెల్లవారుజామున చంటిపిల్లను తీసుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. నవల్లో గుమ్మం దగ్గర ఆగి ఆ రెండు ముక్కలూ అని మరీ వెళుతుంది. ఈ సినిమాలో ఏమీ అనదు. పిల్లను భుజాన వేసుకుని నడుస్తుంది. మంచం మీద ముసలి అత్త మేలుకునే ఉంటుంది. ఒక్కసారి దగ్గుతుంది. కోడలు ఆగుతుంది. వెనక్కి తిరగదు. తలుపు తీసేటప్పుడు కిర్రుమంటుందని పాప చెవిమీద అరచెయ్యి అడ్డం పెడుతుంది. అంతే. ఆ అరచెయ్యి చూసినప్పుడు నాకు ఎక్కడో చురుక్కుమంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

తొమ్మిది సినిమాల్లో ఏడు పోయి, మా చేతిలో రెండు మిగిలాయి. రెండోది వేరే నవల మీద తీసింది. అందులో నవలలో ఉన్న ప్రతి కామా ఉంది. మనుషులు నటించరు, పేజీలు తిప్పుతారు. ప్రొఫెసరమ్మకి అది ప్రాణం. గెలిచిన సినిమా, సంఘం వారి థియేటర్లలో రెండు వారాలు ఆడుతుంది. ఓడింది అటకెక్కుతుంది, దాన్ని ఇక ఎవరూ కొనరు. దరఖాస్తులో 'ఈ సినిమా థియేటర్లో ఎందుకు ఆడాలి?' అని ఒక గడి ఉంది. మిగతావాళ్ళు సమాజమూ సంస్కృతీ అంటూ కాగితాలు అతికించారు. ఈ డైరెక్టరమ్మాయి ఒక్క ముక్క రాసింది: 'మా అమ్మ థియేటర్లో తప్ప సినిమా చూడదు. ఆవిడ చూడాలి.'

"ఇది దరఖాస్తా, చీటీయా?" అని ఎడిటర్ గారు మొదటిరోజే నవ్వాడు. తర్వాత ఆ కాగితాన్ని రెండుసార్లు తిరగేశాడు.

"రేపు ఆ అమ్మాయి వస్తుందిగా, పది నిమిషాలు. అడుగుదాం," అని ఆ రోజుకి సభ ముగించాడు.

నేను మెట్లు దిగుతూ నన్ను నేను తిట్టుకున్నాను. ఎందుకంటే ఆ వాక్యం పెద్దాయన రాయలేదు. నేను రాశాను.

చెబితే నవ్వొస్తుంది, అదే నా ఖర్మ. నలభై ఒక్క ఏళ్ళ క్రితం, నాకు ఇరవై రెండు. అప్పటికే పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. నవల మొదటి ముద్రణ ఐదువందల కాపీలు అమ్ముడై మాయమయ్యాయి. ఉన్నట్టుండి దాన్ని బడుల్లో ఉపవాచకంగా పెట్టారు. మా యజమాని దగ్గర ఉన్నది ఒకే ఒక్క కాపీ. ఆ రోజుల్లో పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వెయ్యాలంటే దాని కుట్టు విప్పేసి, ఆకులు పంచేవాళ్ళం. నలుగురు కంపోజిటర్లు తలా కొన్ని ఆకులు తీసుకుని, ఎదురుగా క్లిప్పుకి తగిలించుకుని, ఒక్కో అక్షరం ఏరి పేర్చేవాళ్ళు. కంపోజింగు అయిన ఆకు చిత్తుకాగితాల బుట్టలోకి పోయేది. చేతి సిరా తుడుచుకోవడానికి అందరూ ఆ బుట్టలోంచే లాక్కునేవాళ్ళు.

ఆఖరి ఆకు కంపోజింగుకి ముందే బుట్టలో పడింది. ఎవరు పడేశారో దేవుడికే తెలియాలి. నేను వెతికి పట్టుకునేసరికి అది కిరసనాయిలూ సిరా పీల్చుకుని నల్లటి ముద్దై ఉంది. సోమవారం బడులు తెరుస్తారు. గ్రంథాలయం కాపీ ఎవరో తీసుకెళ్ళి తిరిగివ్వలేదు. యజమాని నా నెత్తిమీద నిలబడి, "ఏముందోయ్ అందులో, ఆవిడ తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది, అంతేగా! పేజీ నిండేట్టు నాలుగు లైన్లు పడేయ్," అన్నాడు. నేను పడేశాను. నిలబడే రాశాను. రాసి, నేనే ప్రూఫు దిద్దుకున్నాను. ఒక్క తప్పూ దొరకలేదు.

ఆ తర్వాత అచ్చైన కాపీలన్నిటికీ అదే మూలం. పరీక్షల్లో 'ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు?' అని అడిగారు. ఎవరితో అన్నదో నాకే తెలియదు. గైడుపుస్తకం వాడు 'సమాజంతో' అని రాశాడు. క్యాలెండర్ల మీదికెక్కింది. ఉపన్యాసాల్లో చప్పట్లు కొట్టించింది. చచ్చినవాడి కళ్ళు చారెడు కదా, పొగడ్తలన్నీ పెద్దాయన ఖాతాలోకి పోయాయి. యజమాని పోయాడు, కంపోజిటర్లు పోయారు. మొదటి ముద్రణ కోసం పాత పుస్తకాల షాపులన్నీ తిరిగాను, దొరకలేదు. పెద్దాయన అసలు ఏం రాశాడో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. నిజం చెప్పొద్దూ, ఎవరైనా ఆ వాక్యం అప్పజెబితే లోపల్లోపల నా ఛాతీ పొంగేది. జీవితమంతా పరాయివాళ్ళ వాక్యాలు దిద్దిన నాకు అదొక్కటే సొంత ఆస్తి.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. ఈ రహస్యం తెలిసిన ప్రాణి ఆవిడొక్కతే.

"తీసేసిందా? మంచి పని చేసింది," అంది కూర తరుగుతూ.

"మంచి పనా? నీకా వాక్యం ఎప్పుడూ నచ్చలేదులే."

"నచ్చలేదు. వెళ్ళిపోయేదానికి అంత మాట్లాడే ఓపిక ఎక్కడిది? అంత మాట్లాడగలిగితే ఇంట్లోనే ఉండి పోట్లాడును."

"నీకు సాహిత్యం తెలియదు."

"తెలియదు. ఆ ప్రొఫెసరమ్మకి తెలుసుగా, రేపు ఆవిడతో చెప్పండి రాసింది మీరని."

"ఎందుకు చెప్పాలి? నవల రాసినాయనకి లేదు, చదివిన జనానికి లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఆ అమ్మాయి సినిమా అటకెక్కుతుంది కనుక," అని ఆవిడ కత్తిపీట పక్కకి జరిపింది. "పెద్దాయన మాట తీసేసిందని కదా దాన్ని ఓడిస్తారు? అది పెద్దాయన మాట కాదని తెలిసీ నోరు మూసుకుంటారా? మూసుకుంటే ఇక ఈ ఇంట్లో ఆ వాక్యం ఎత్తకండి. నలభై ఏళ్ళుగా వింటున్నాను, నా చెవులు అరిగిపోయాయి."

ఆవిడతో వాదించి గెలిచిన రోజు ఒక్కటీ లేదు. అందుకే వాదించడం మానలేదు, అలవాటు.

మర్నాడు పది గంటలకి డైరెక్టరమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై ఎనిమిది ఉంటాయి. చెప్పులు గుమ్మం దగ్గర విడవాలా వద్దా అని చూసి, విడవకుండానే వచ్చి కూర్చుంది. చేతిలో నవల ఉంది. అట్ట ఊడిపోయి, రబ్బరుబ్యాండు వేసి ఉంది.

ప్రొఫెసరమ్మ నమస్కారం కూడా పూర్తి కానివ్వలేదు. "ఆ వాక్యం ఎందుకు తీసేశారు? నవల్లో నిద్రపోతున్న అత్తని ఎందుకు నిద్ర లేపారు? ఎవరిచ్చారండీ మీకా హక్కు?"

"ఆ వాక్యం వల్లే నేను ఇల్లు వదిలి వచ్చానండి," అందా అమ్మాయి.

మేం ముగ్గురం ఆమెకేసి చూశాం.

"పద్దెనిమిదేళ్ళప్పుడు. సినిమాల్లోకి పోతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. బడిలో చదివిన పుస్తకమే, ఆ పేజీ తెరిచి, ఆ వాక్యం కింద ఎర్ర పెన్సిల్‌తో గీతగీసి, బల్లమీద పెట్టి వచ్చేశాను. అదే నా ఉత్తరం. గుమ్మం దాకా ఆ వాక్యమే మనసులో అనుకుంటూ నడిచాను. పైకి అందామనే అనుకున్నాను. ఇంతలో మా అమ్మ దగ్గింది. మేలుకునే ఉంది. ఇక నోరు పెగల్లేదు." ఆమె రబ్బరుబ్యాండు తీసి మళ్ళీ వేసింది. "బస్సెక్కాక తెలిసింది, ఎంత వెధవ పని చేశానో. మనుషులు లేరట! దగ్గింది ఎవరు మరి? ఇరవై ఏళ్ళయింది. నేను ఫోన్ చేస్తే ఎత్తదు, ఉత్తరం రాస్తే తెరవదు. మా వీధి చివర సంఘం వాళ్ళ థియేటర్లో ఏ సినిమా వచ్చినా మాత్రం మొదటి వారమే చూస్తుంది. అందుకని, నోటితో చెప్పలేంది తీసి చూపిద్దామని..."

"ఇది వ్యక్తిగత విషయం," అంది ప్రొఫెసరమ్మ, కాస్త తగ్గి. "మీ అమ్మగారి కోసం పెద్దాయన రచన మార్చేస్తారా?"

నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇక ఆగలేకపోయాను.

"అది పెద్దాయన రచన కాదండీ. ఆ వాక్యం రాసింది నేను."

ఎడిటర్ గారు ముందు నవ్వాడు. "మాస్టారూ, ఆ అమ్మాయికి సాయం చెయ్యాలనుకుంటే మార్కులెయ్యండి. నవల మీ పేర రాయించుకోకండి."

ప్రెస్సూ, ఆకులూ, బుట్టా అన్నీ చెప్పాను. ప్రొఫెసరమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు జాలిగా చూసింది.

"చూడండి, నా థీసిస్ ఆ వాక్యం మీదే. పెద్దాయన మూడో అధ్యాయంలో గోడలకి సున్నం వేయిస్తాడు. ఎందుకనుకున్నారు? ఆఖరి వాక్యానికి అక్కడే పునాది వేశాడు. నలభై పేజీలు రాశాను దానిమీద."

"అమ్మా, ఆ వారం నేను మూడో అధ్యాయం ప్రూఫు దిద్దాను. తలలో ఇంకా సున్నమే ఉంది. అందుకే గోడలు తట్టాయి!"

"మీరా? అంత గొప్ప వాక్యం? రుజువుందా?"

లేదు. నిజం చెబితే నమ్మరు, రుజువులన్నీ కాటికి పోయాయి, వాక్యం మాత్రం నా ఎదురుగా కూర్చుని నన్నే ఎరగనంటోంది. ఒళ్ళు మండిపోయింది. అబద్ధమాడే అలవాటుండి ఉంటే ఈపాటికి నమ్మేవాళ్ళు.

అప్పుడు డైరెక్టరమ్మాయి నావైపు తిరిగింది. "మాస్టారూ, ఒక్కటడుగుతాను. ఆ వాక్యం రాసేటప్పుడు ఆవిడ భుజంమీద పాప ఉందని మీకు గుర్తుందా?"

పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. నా వాక్యానికి సరిగ్గా పైన, పెద్దాయన రాసిన ఆఖరి వాక్యం: 'నిద్రపోతున్న పాపను మెల్లగా భుజాన వేసుకుంది.' దాన్ని నేను నా చేత్తో దిద్దాను. వందసార్లు చదివాను. నిన్న సినిమాలో అరచెయ్యి చూసి ఎందుకు చురుక్కుమందో ఇప్పుడు తెలిసింది.

"గుర్తులేదమ్మా," అన్నాను. "అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. యజమాని నెత్తిమీద ఉన్నాడు. గోడలు గుర్తున్నాయి, పాప గుర్తులేదు."

"నిజానికి మేము ఆ వాక్యం షూట్ చేశామండి," అంది ఆ అమ్మాయి ఎడిటర్ గారితో. "ఇరవై ఆరు టేకులు. మా నటి నోరు తెరవడం, భుజంమీద పాప ఉలిక్కిపడి లేచి ఏడవడం. పాప బదులు బొమ్మని పెడదామన్నారు. వద్దన్నాను. పాప చెప్పిందే రైటేమో అనిపించింది."

ఎడిటర్ గారు నవ్వడం మానేశాడు. పుస్తకం లాక్కుని, వెనక్కి రెండు పేజీలు తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "పాప ఎప్పుడు పాలు తాగింది, ఎప్పుడు పడుకుంది, ఏ పక్కకి ఒత్తిగిలింది, అన్నీ రాశాడు ఈయన. ఇలాంటి మనిషి నిద్రపోయే పిల్ల చెవి దగ్గర ఉపన్యాసం ఇప్పిస్తాడా? కాదు. ఇది వేరే చెయ్యి. రోజూ చూసే పనేనండీ నాకిది. ఇక్కడ అతుకు కనపడుతోంది."

"పాప నిద్ర సమాజపు నిద్రకి ప్రతీక," అంది ప్రొఫెసరమ్మ.

"అయితే ఆ సమాజాన్ని లేపి ఏడిపించడమెందుకమ్మా!" అని నేను అరిచాను. అరవకూడదు. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆ వాక్యాన్ని నాకంటే ఎక్కువ ప్రేమగా చూసుకుంది. పిల్లని పెంచుకున్నవాళ్ళ దగ్గరికి కన్నవాడు వెళ్ళి 'ఇది పొరపాటున పుట్టింది' అంటే ఎలా ఉంటుంది? ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాగితాలు సర్దుకుంది. నాకు సిగ్గేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. సినిమా గెలిచింది. ప్రొఫెసరమ్మ తన అసమ్మతిని నాలుగు పేజీలు రాసిచ్చింది. అందులో నన్ను 'వయోభారం వల్ల జ్ఞాపకశక్తి కలగాపులగమైన ఒక సభ్యుడు' అంది. సంఘం వాళ్ళు ప్రకటనలో నా సంగతి ఒక్క ముక్క రాయలేదు. పత్రికలన్నీ 'పెద్దాయన అమర వాక్యాన్ని తొలగించిన సాహసం' అని శీర్షికలు పెట్టాయి. సాహసమట. నేను పేపరు మడిచి అవతల పారేశాను.

ఫలితం చెప్పిన రోజు ఆ అమ్మాయి మెట్ల దగ్గర నాకోసం ఆగింది.

"రాసింది మీరేనని నేను నమ్ముతున్నానండి."

"సంతోషం. నువ్వొక్కదానివే."

"మా పిన్ని చెబుతుంటుంది, మా అమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ పెద్దాయన్ని తిడుతూనే ఉందట. పాపం, ఆయనకేం సంబంధం? మీ నంబరివ్వండి. టిక్కెట్టుతో పాటు పిన్ని చేతికిచ్చి పంపిస్తాను, ఎవర్ని తిట్టాలో తెలుస్తుంది."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వుతూనే రాసిచ్చాను.

సినిమా విడుదలైన ఐదోరోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దావిడ గొంతు.

"ఆ నాలుగు గోడల మాట రాసింది నువ్వేనా నాయనా?"

"నేనేనండి."

"పెళ్ళయిందా అప్పటికి?"

"లేదండి."

"అందుకే." ఆవిడ ఊపిరి పీల్చుకుంది. తర్వాత మొదలుపెట్టింది. "మనుషులు లేరా? నేనెవర్ని? దానికి జ్వరమొస్తే మేలుకుని కూర్చుంది నీ గోడలా? ఎర్ర పెన్సిల్‌తో గీతగీసి బల్లమీద పెట్టి పోయింది. ఆ పుస్తకం మూసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. దుమ్ము పడితే దుమ్ము దులిపి మళ్ళీ అదే పేజీ తెరిచి పెట్టాను. ఇరవై ఏళ్ళు. నీకేం, రాసి పడేశావు, పోయావు."

పది నిమిషాలు తిట్టింది. నేను ఎక్కడా అడ్డు చెప్పలేదు. నలభై ఒక్క ఏళ్ళుగా నా వాక్యాన్ని పొగిడినవాళ్ళంతా ఇంకొకరిని పొగిడారు. తిట్టడానికైనా నన్ను వెతుక్కుంటూ వచ్చింది ఈవిడ ఒక్కతే. అందులో ఒక్క తిట్టూ దిద్దవలసింది కాదు.

"తప్పయిందమ్మా," అన్నాను.

అవతల గొంతు మారింది.

"నిన్న సినిమా చూశాను. ఆ మంచంమీద ముసలావిడ దగ్గింది చూశావా?"

"చూశానండి."

"నేనూ దగ్గాను ఆ రోజు. 'వెళ్ళకే' అని అనలేక దగ్గాను. దానికి వినపడలేదనుకున్నాను ఇన్నేళ్ళూ."

"వినపడిందండి. నాతో చెప్పింది."

ఆవిడ ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది, కానీ తెలియనివ్వకూడదని చూస్తోంది. ఆ గొంతుతోనే అడిగింది.

"ఇప్పుడు నేను ఫోన్ చేస్తే ఎత్తుతుందంటావా?"

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు తల్లి అక్కడ, కూతురు ఇక్కడ, మధ్యలో నా బోడి వాక్యం. ఇప్పటికీ ఈవిడ నాతోనే మాట్లాడుతోంది!

"ముందు ఈ ఫోన్ పెట్టెయ్యండమ్మా! నాతో మాట్లాడుతూ కూర్చుంటే మీ అమ్మాయికెప్పుడు చేస్తారు?"

వెంటనే పెట్టేసింది.